కొన్నవారి సంతకం

దిల్‌సుఖ్‌నగర్,
18 ఆగస్టు 2016

రామమోహనరావు అన్నగారికి మత్తయి వందనాలు.

మొన్న మీరు మూడుసార్లు ఫోన్ చేశారని ఇంట్లో రెబెక్క చెప్పింది. ఎత్తి ఏం చెయ్యను అన్నా? ఆపరేషన్‌లో గడ్డతో పాటు మాట కూడా తీసేశారు. ముప్పై ఏళ్లు మీర్‌పేట్ చర్చిలో పాడిన గొంతు. ఇప్పుడు ఊదితే గాలి వస్తుంది, అంతే. ఫోన్‌లో తెలుగు కొట్టడం నాకు చేతకాదు. అందుకే ఈ ఉత్తరం. మీరు వనస్థలిపురం ఇల్లు ఖాళీ చేసి కాకినాడ పోయి రెండేళ్లయింది, మీ చేతిరాత చూడాలని కూడా ఉంది.

దుకాణంలో పలక ఒకటి పెట్టుకున్నాను. "ఎంత అంకుల్?" అంటే రాసి చూపిస్తాను. పలకతో బేరమాడడానికి ఎవరికీ మనసొప్పదు. అదొక్కటే లాభం.

మిగతాదంతా పరేషానే. రోడ్డు నడుమ మెట్రో స్తంభాలు లేస్తున్నాయి. గిటార్ మీద వేలు పెడితే దుమ్ములో గీత పడుతుంది. అదైనా ఓర్చుకోవచ్చు. నిన్న చైతన్యపురి హాస్టల్ నుంచి సాధన అనే అమ్మాయి వచ్చింది. గంటన్నర కూర్చుని నాలుగు గిటార్లు వాయించింది. ఆమె చేతికి ఏది కుదురుతుందో నేనే చూపించాను. చివరికి దాని ఫొటో తీసుకుని, "ఆన్‌లైన్‌ల పద్నాలుగు వందలు తక్కువుంది అంకుల్. ఏమనుకోకుండ్రి, నాకు మెస్సు బిల్లు ఎల్లిపోతది" అంది. నా ధరలో మన సర్కారు పన్ను ఉందని, ఫోన్‌లో అది లేదని పలక మీద రాశాను. చదివి, "పన్ను ఎవరికి పోతే నాకేంది అంకుల్?" అంది. పొగరుగా కాదు, నిజంగానే అడిగింది.

దానికి జవాబు మీ దగ్గర ఉంటుంది. పన్నుల ఆఫీసులో ముప్పై మూడేళ్లు చేశారు. ఆన్‌లైన్‌లో కొన్నదానికి కూడా ఇక్కడ పన్ను వెయ్యాలని మా దుకాణదారుల సంఘం సర్కారుకు అర్జీ పెడుతోంది. రాసే మనిషి లేడు. మీరు రాసిపెట్టాలి. నాకు పెద్ద ఆశలేం లేవు అన్నా. పోయేలోపు ఈ షట్టర్ నా చేతులతో దించకుండా ఉంటే చాలు. పన్ను అందరికీ ఒకటైతే నిలబడతాననే అనుకుంటున్నాను.

మీ తమ్ముడు,
మత్తయి

—

కాకినాడ,
27 ఆగస్టు 2016

తమ్ముడు మత్తయికి,

నీ ఉత్తరం చదివి మీ వదిన వేదవతి ఏడ్చింది. నేను ఏడవలేదని రాస్తే నువ్వు నమ్మవు, కాబట్టి రాయను.

తొంభై నాలుగులో నీ దుకాణానికి తనిఖీకి వచ్చాను, గుర్తుందా? బిల్లు లేకుండా వయొలిన్ తీగ అమ్ముతూ దొరికావు. జరిమానా రాస్తుంటే, "రాయుండ్రి సారూ, గని బిల్లు ఎట్ల రాయాల్నో గూడ జర చూపించుండ్రి" అన్నావు. జరిమానా రాశాకే బిల్లు నేర్పాను. అప్పట్నుంచి పక్కవాళ్లందరూ "బిల్లుతోనా, బిల్లు లేకుండానా" అని అడుగుతుంటే నువ్వు మాత్రం ఒక్క తీగకి కూడా బిల్లు రాసి, కింద కొన్నవారి చేత సంతకం పెట్టించేవాడివి. ఆ సంతకం ఏ చట్టంలోనూ లేదయ్యా! ఆవేళ సరదాకి చెప్పాను. నువ్వేమో బిల్లుపుస్తకంలోనే అచ్చు వేయించేశావు. ఇరవై రెండేళ్లుగా నిజం చెప్పడానికి మొహమాటపడ్డాను.

ఆ అమ్మాయికి ఇలా చెప్పు. ఫోన్‌లో కొన్నదానికి అసలు పన్నే లేదని కాదు. సరుకు వేరే రాష్ట్రం నుంచి బయల్దేరితే పన్ను ఆ రాష్ట్రానికే పోతుంది. తను నడిచే రోడ్డుకీ, జ్వరమొస్తే తను వెళ్లే పెద్దాసుపత్రికీ దాంట్లోంచి పైసా రాదు. అనుభవించేది ఒక ఊరు, వసూలు చేసుకునేది ఇంకో ఊరు. నీ కొట్టుకి నష్టమన్నది రెండో మాట. మొదటి మాట అదీ.

అర్జీ జతపరిచాను. ఆఖరి వాక్యం గట్టిగా చదవమను: "అంగడిలో కొన్న తీగకు పన్ను కట్టించుకునే ఊరికి, ఫోన్‌లో కొన్న వయొలిన్ ఊరికే రాకూడదు."

వయొలిన్ అంటే గుర్తొచ్చింది. మా అమ్మాయి ఉదయలక్ష్మి కూతురు రమ్య పాఠం మొదలుపెట్టింది. పదేళ్లు. పంతులమ్మగారి వయొలిన్ దాని చేతికి పెద్దదవుతోంది. ఎంతది కావాలో చెప్పు.

నీ అన్న,
రామమోహనరావు

—

దిల్‌సుఖ్‌నగర్,
20 సెప్టెంబర్ 2016

అన్నగారికి,

ఆదివారం ఎల్‌బీనగర్ ఫంక్షన్ హాల్లో సంఘం మీటింగ్ అయింది. స్టీలు సామాన్ల ప్రసన్నకుమార్ మీ అర్జీ చదివాడు. ఆఖరి వాక్యం రెండుసార్లు చదివించారు. "ఎవలు రాసిన్రో గని గీ ముక్క కత్తి లెక్కుంది" అన్నారు. మా అన్న అని పలక మీద రాసి అందరికీ తిప్పి చూపించాను. ఆ పూట నాకు గొంతు లేదన్న సంగతే గుర్తు రాలేదు.

సంతకం విషయంలో మోసం చేశారన్నమాట! అయినా మానను. సంతకం పెట్టేటప్పుడు మనిషి ఒక్క నిమిషం ఆగుతాడు, నా మొహం చూస్తాడు. ఫోన్‌లో అది లేదు.

వయొలిన్ సైజు వయసును బట్టి చెప్పేది కాదు. రమ్యను ఎడమ చెయ్యి చాపమని, మెడ దగ్గర నుంచి అరచేతి నడిమి దాకా దారం పట్టి, తెంపి పంపండి. టేపుతో కొలవొద్దు. ఎందుకంటే మీరు టేపుతో కొలిస్తే నాలుగు అంగుళాలు తగ్గించి చూపిస్తారు, ఊరు విడిచేటప్పుడు మీరు మాకిచ్చిన బీరువా మా గుమ్మంలో పట్టనప్పుడే తెలిసింది.

మీరు వనస్థలిపురంలో ఉన్నన్నాళ్లూ పగలు ఇంట్లో ఎవరూ ఉండరని మీ ఆన్‌లైన్ పార్సిళ్లన్నీ నా దుకాణానికే తెప్పించుకునేవారు. మిక్సీ, బీపీ మిషను, వదినగారి మోకాళ్ల పట్టీ. ఇప్పుడా డెలివరీ అతను, "సారు పార్సిల్లు అస్తలేవేంది?" అని అడుగుతుంటాడు.

మత్తయి

—

కాకినాడ,
2 అక్టోబర్ 2016

మత్తయీ,

దారం ఇదిగో. మీ వదిన కుట్టుపెట్టెలోది, ఆకుపచ్చది. రమ్య చెయ్యి చాపి నిలబడమంటే మూడుసార్లు నవ్వింది, మూడుసార్లు మళ్లీ కొలిచాం. "ఆ తాతయ్య అస్సలు మాట్లాడరా?" అంది. మాట్లాడరుగానీ వాయిస్తారని చెప్పాను.

చలికాలం వస్తోంది, మెడకి మఫ్లరు మర్చిపోకు.

రామమోహనరావు

—

దిల్‌సుఖ్‌నగర్,
12 అక్టోబర్ 2016

అన్నగారికి,

దారం సరిగ్గా ఇరవై రెండు అంగుళాలు. ముప్పావు సైజు సరిపోతుంది. నా దగ్గర ఒకటుంది. తీగలు మార్చి, వాటిని ఎత్తిపట్టే బ్రిడ్జి చెక్క అరగదీసి పక్కన పెట్టాను. పన్నుతో ఏడు వేల రెండు వందల పదమూడు. మీకు తగ్గించను. తగ్గిస్తే మీరే ఊరుకోరు.

ఒక మాట రాయాలని ఉంది. తనిఖీ చేసే అధికారి ఆ దుకాణంలో కొనకూడదని ఇన్నేళ్లూ నా దగ్గర ఒక్క తీగ కూడా కొనలేదు మీరు. రెబెక్క ఇచ్చే టీ కూడా మొదటి రెండేళ్లు తాగలేదు. ఇప్పుడు రిటైరయ్యారు. ఇక అడ్డేముంది? మీ పేరు మీద మొదటి బిల్లు రాయాలని చిన్నపిల్లాడిలా ఎదురుచూస్తున్నాను.

మెడలో మళ్లీ ఏదో గట్టిగా తగులుతోంది. రెబెక్కకు చెప్పలేదు. మీరూ చెప్పొద్దు.

మత్తయి

—

కాకినాడ,
25 నవంబర్ 2016

మత్తయీ,

జవాబు ఆలస్యమైంది. పాత నోట్లు రద్దయ్యాక బ్యాంకు ముందు వరసలే సరిపోతున్నాయి. ఉదయలక్ష్మికి బ్యాంకులోనే పని కదా, రాత్రి ఎనిమిదికి గానీ ఇంటికి రావడం లేదు. ఇక్కడ వానలు తగ్గాయి. సముద్రం మీద గాలి మాత్రం తగ్గలేదు.

వయొలిన్‌కి తొందర లేదులే. పరీక్షలయ్యేదాకా ఉన్నదాంతోనే కానివ్వమన్నారు పంతులమ్మగారు. పక్కన పెట్టింది వేరేవాళ్లు అడిగితే ఇచ్చెయ్యి, నాకోసం ఆపొద్దు.

మెడ సంగతి డాక్టరుకి చూపించావా? దాచకు. దాచితే ఏ జబ్బయినా ముదురుతుంది.

రామమోహనరావు

—

దిల్‌సుఖ్‌నగర్,
14 డిసెంబర్ 2016

అన్నగారికి,

సాధన మళ్లీ వచ్చింది. ఆన్‌లైన్‌లో కొన్న గిటార్ తెచ్చింది. తీగ చెక్కకు కొట్టుకుంటోంది. సరిచేసి ఒక తీగ మార్చాను. "మీ దగ్గర్నే కొనాల్సుండె అంకుల్" అంటూ బిల్లు మీద సంతకం పెట్టింది. ఆమె మీద నాకు కోపం లేదు. చదువుకునే పిల్ల, నాలుగు రూపాయలు మిగుల్చుకోవాలనుకోవడం తప్పెట్లా అవుతుంది?

ఇంకొక పని కూడా వచ్చింది. ఒక వయొలిన్, నా దగ్గర కొన్నది కాదు. దారిలో ఎక్కడో గట్టిగా పడేసినట్టున్నారు, లోపల నిలబడే చెక్కపుల్ల జారిపోయింది. బ్రిడ్జి పలక లెక్క మందం. రెండు రోజులు కూర్చుని చేశాను. ఆ పుల్ల మళ్లీ నిలబడింది. అది పలికాక రెబెక్కకు ఇంకోసారి వాయించి వినిపించాను. నా గొంతు పోయాక మా ఇంట్లో ఇంత మంచి గొంతు వినలేదు. ఎవరిదని అడగకండి.

రేపు బస్సు పార్సిల్‌లో మీకొక డబ్బా వస్తుంది. రమ్యకు నా దీవెనలు చెప్పండి.

అర్జీకి జవాబు రాలేదు.

మత్తయి

—

దిల్‌సుఖ్‌నగర్,
30 మార్చి 2017

అన్నగారికి,

మూడు నెలలు దాటింది, మీ ఉత్తరం లేదు. డబ్బా చేరినట్టు బస్సు వాళ్ల రసీదు వచ్చింది. నాకు అది చాలు.

ఈరోజు షట్టర్ దించాను. నా చేతులతోనే. మెడలో ఉన్నది పెరిగింది. కిరాయి పెరిగింది. గిరాకీ మాత్రం పెరగలేదు. పన్నుల రిజిస్ట్రేషన్ రద్దు చెయ్యమని కాగితం ఇచ్చి వచ్చాను. ఆ కౌంటర్‌లో ఒకప్పుడు మీరు కూర్చునేవారు. అక్కడున్న అమ్మాయి నా కాగితాలన్నీ చూసి, "ఒక్క నెల గూడ లేటు లేదు సార్ మీది" అంది. దుఃఖం వచ్చింది. గొంతు లేనివాడు ఏడిస్తే చప్పుడు రాదన్నా, అదొక సుఖం.

మీరు బాగున్నారని రాయండి. వేరే ఏమీ రాయక్కర్లేదు.

మత్తయి

—

కాకినాడ,
9 ఏప్రిల్ 2017

మత్తయీ,

వేరే ఏమీ రాయక్కర్లేదన్నావు. రాయకుండా ఎలా ఉంటానయ్యా?

ఆ వయొలిన్ నాది. నీకు తెలుసని నాకు తెలుసు. తెలిసీ నాలుగు నెలలు నోరు మూసుకున్నాను. నీకైతే నోరు లేదు, నాకేమొచ్చింది?

నువ్వు దారం కొలిచి ముప్పావు సైజు అన్నాక ఫోన్‌లో చూశాను. ఊరికే చూద్దామనే చూశాను. ఐదు వేల మూడు వందలకి ఉంది. నీ ధర కంటే పంతొమ్మిది వందలు తక్కువ. నీ దగ్గర కొంటే నువ్వు డబ్బు పుచ్చుకోవు, పన్ను కూడా నీ చేతిదే వేసుకుని కడతావు, జబ్బు మనిషికి ఎందుకా భారం అని నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. తగ్గించనని నువ్వు ముందే రాశావు. నిజం ఏవిటంటే, తక్కువకి వస్తోందని కొన్నాను. పెన్షన్ వచ్చేవాణ్ణి, పంతొమ్మిది వందలకి గతిలేనివాణ్ణి కాదు. ఆ హాస్టలు పిల్లకైనా మెస్సు బిల్లుంది.

వయొలిన్ నీకు చేరిందని ఫోన్ చెప్పినప్పుడు గానీ చూసుకోలేదు. అందులో పాత అడ్రసే ఉంది. మత్తయి మ్యూజికల్స్, దిల్‌సుఖ్‌నగర్. నీకు తెలియకుండా కొనాలనుకున్న వస్తువు నీ గుమ్మంలోకే పంపించుకున్నాను. ఆర్డరు పెట్టేశాకే, తొందర లేదులే అని నీకు ఉత్తరం రాశాను.

నువ్వు పంపిన డబ్బా విప్పితే అన్నీ ఉన్నాయి. వయొలిన్, కొత్త తీగలు, కమానుకి పూసే రోజిన్ బిళ్ల, ఆ ఆకుపచ్చ దారం కూడా. బిల్లు లేదు. ఇరవై రెండేళ్లలో నీ కొట్టులోంచి బిల్లు లేకుండా బయటికొచ్చిన సరుకు అదొక్కటే. ఇక నీ లెక్కలో నేను లేనని అనుకున్నాను. అలా అనుకోవడం నాకు న్యాయంగానే తోచింది.

అర్జీలో ఆఖరి వాక్యం రాసిన చెయ్యీ, ఫోన్‌లో కొన్న చెయ్యీ ఒకటే. నన్ను తిట్టు. పలక మీదైనా సరే తిట్టి, ఫొటో తీయించి పంపు.

రామమోహనరావు

—

మీర్‌పేట్,
11 జూన్ 2017

అన్నయ్యగారికి రెబెక్క వందనాలు.

మే ఇరవై ఒకటిన ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారని మా అమ్మాయి జాస్మిన్ మీకు ఫోన్‌లో చెప్పింది కదా. వేదవతి వదినకు వెన్నునొప్పి, మీరు వెంటనే బయల్దేరలేకపోయారని తెలుసు. అది కాదు నేను రాయబోయేది.

మీ ఉత్తరం గుడ్ ఫ్రైడే ఆరాధన నుంచి వచ్చేసరికి గుమ్మంలో ఉంది. ఆయన కూర్చోలేకపోతున్నారు. మంచం పక్కన కూర్చుని నేనే చదివాను. మీ మీద నాకు చాలా కోపం వచ్చింది అన్నయ్యా, దాచను. డిసెంబర్‌లో ఆ పార్సిల్ మీద మీ పేరు చూసిన రోజే వచ్చింది. "గీయన అర్జీ రాసిండు మనకు! వాపస్ పంపియ్యి" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, మెల్లిగా డబ్బా విప్పారు.

మీ ఉత్తరం అయిపోయాక పలక అడిగారు. తిడతారేమో, అట్లాగే ఫొటో తీసి పంపుదామని నేనే ఫోన్ చేతిలో పట్టుకున్నాను. ఆయన రాసింది ఇది: "బిల్లు రాసిన. దాచిన."

దుకాణం ఖాళీ చేసిన రోజు సామాను అంతా ట్రాలీలో వేసి, బిల్లుపుస్తకం ఒక్కటే ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కారు. అందులో డిసెంబర్ పేజీ చూపించారు. మీ పేరు మీద బిల్లు ఉంది. వయొలిన్ ఒకటి, ఐదు వేల మూడు వందలు. పార్సిల్ మీద ఉన్న ధరే వేశారు. దాని మీద పన్ను ఏడు వందల అరవై ఎనిమిది రూపాయల యాభై పైసలు. ఆ నెల పన్నుల లెక్కలో అది కూడా చూపించి, సర్కారుకు కట్టేశారు. నాకు అర్థం కాలేదు. "మనం అమ్మని వస్తువుకు మనమెందుకు కట్టాలె?" అని అడిగాను. రాశారు: "అన్న అర్జీల మాట అబద్ధం కావద్దు."

మరి బిల్లు డబ్బాలో ఎందుకు పెట్టలేదని అడిగాను. పలక తుడిచారు. తర్వాత రాశారు: "సిగ్గువడ్తడు. నేను పోయినంక పంపు."

అందుకని పంపుతున్నాను. నా కోపం కొంచెం తగ్గింది. పూర్తిగా తగ్గిందని రాస్తే అబద్ధం అవుతుంది.

రెబెక్క

—

కాకినాడ,
1 జూలై 2017

చెల్లెమ్మ రెబెక్కకు,

నీ కోపం తగ్గించుకోవద్దమ్మా. కొంత ఉంచు. నాకు అది అవసరం.

ఈవేళ నుంచి దేశమంతా కొత్త పన్ను. సరుకు ఎక్కడి నుంచి బయల్దేరినా, అంగడిలో కొన్నా ఫోన్‌లో కొన్నా, కొన్నవాడు ఉన్న రాష్ట్రానికి పన్ను వాటా వస్తుంది. మన అర్జీలో అడిగింది ఇదే. టీవీలో చెబుతుంటే కట్టేశాను. మత్తయి షట్టర్ దించి మూడు నెలలైంది, మనిషి పోయి నలభై రోజులు.

బిల్లు అందింది. పాత అలవాటు, లెక్క వేసి చూశాను. పైసతో సహా సరిపోయింది. కానీ చట్టప్రకారం ఈ బిల్లు చెల్లదమ్మా. అమ్మని సరుకుని అమ్మినట్టు రాయడం తప్పు. తొంభై నాలుగులో అయితే దీనికీ జరిమానా రాసేవాణ్ణి.

రమ్య పక్కగదిలో వాయిస్తోంది. దాని పాఠంలో ఇంకా అపశ్రుతులున్నాయి గానీ వయొలిన్‌లో లేవు. పంతులమ్మగారు దాన్ని చేతిలోకి తీసుకుని, "ఎవరు కుదిర్చారండీ దీన్ని?" అని అడిగారు. మా తమ్ముడు అని చెప్పాను.

వచ్చే ఆదివారం గౌతమి రైలెక్కి వస్తున్నాను. నన్ను సమాధి దగ్గరికి తీసుకెళ్లు. ఆ బిల్లుపుస్తకం కూడా తీసుకురా. ఇదిగో, బిల్లు తిరిగి పంపుతున్నాను, తీసిన పేజీలోనే మళ్లీ పెట్టు. అడుగున "కొన్నవారి సంతకం" అని ఉన్నచోట మత్తయి ఖాళీ వదిలాడు. సంతకం పెట్టాను.

వాడి దుకాణంలో నేను కొన్నది ఇదొక్కటే.

నీ అన్నయ్య,
రామమోహనరావు